కంఠతా పెట్టని సాక్ష్యం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరం కంఠతా పెట్టేవాళ్లం. నేను బైబిలు వాక్యాలు, మా నాయిన సాక్ష్యం.

నాయిన పేరు యాకయ్య. వరంగల్ స్టేషన్ రోడ్డు దాటినాక ఒక పత్తి మిల్లు ఉండేది, దాని గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన. గేటు పక్కనే సేటు ఇచ్చిన ఒంటిగదిలో మా కాపురం. పైన రేకులు. మే నెల వచ్చిందంటే లోపల మనిషి నిలవలేడు. అందుకని పొద్దు వాలగానే మంచం బయట వేసుకునేవాళ్లం. ఆ మంచం మీద కూర్చొని నాయిన కళ్లు మూసుకొని అప్పజెప్పేవాడు, నేను తప్పులు పట్టేదాన్ని.

“ఆ దినము నేను గేటు వద్ద కాపలా ఉన్నాను. హమాలీ గట్టయ్య బీడీ ముట్టించుకొని గోదాములోనికి పోవుట నా కళ్లారా చూసినాను. పోవద్దని… పోవద్దని…”

“వారించినాను.”

“ఆఁ, వారం ఇచ్చినాను.”

“వారం ఇచ్చుడు కాదు నాయినా! వారించినాను. వద్దన్న అన్నట్టు.”

“మరి వద్దన్న అంటె అయిపాయె గదనే! నడుమ గీ వారించుడెందుకు?”

“గుమాస్తా సారు గట్లనే చెప్పుమన్నడు గద.”

గుమాస్తా సారు అంటే సేటు తరఫు వకీలు దగ్గర పనిచేసే సారంగపాణి. తెల్లటి ధోవతి, నోట్లో ఎప్పుడూ పాన్. రెండు రోజులకోసారి వచ్చి నాయిన చేత ఆ నాలుగు ముక్కలూ వల్లె వేయించి, తప్పు పోతే తల కొట్టుకొని పోయేవాడు. ఆయన పోయాక ఆ పని నాది. నాకు తొమ్మిదేళ్లు. చర్చిలో వాక్యాలు అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు, ఆ గర్వం నాకు నెత్తికెక్కి ఉండేది.

సంగతేమిటంటే, పత్తి సీజన్లో మిల్లు గోదాం ఒకటి కాలిపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ పత్తి బేళ్లన్నీ బూడిదయ్యాయి. మీటరుకెక్కకుండా స్తంభం మీది నుంచి గుంజుకున్న దొంగ కరెంటు తీగ వల్లే అంటుకుందని మిల్లులో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. ఆ మాట బయటికొస్తే సేటుకు బీమా రాదు, పైపెచ్చు ఆయన మీదే కేసు. అందుకని ఒక బీడీ కావలసి వచ్చింది, ఆ బీడీ తాగే మనిషీ కావలసి వచ్చాడు. గట్టయ్య మామ దొరికాడు.

గట్టయ్య మామ మాకు చుట్టం కాదు, మా చర్చి మనిషీ కాదు. కొమురెల్లి మల్లన్నకు మొక్కే మనిషి. బేళ్ల బండి మీద నన్ను కూర్చోబెట్టి మిల్లంతా తిప్పేవాడు. పోలీసులు పట్టుకుపోయి జామీను మీద విడిచారు. అప్పటి నుంచి ఆయన్ను ఏ మిల్లూ గేటులోకి రానివ్వలేదు. ఇక చూసినవాడొకడు కావాలి కదా! గేటు దగ్గర మనిషికంటే మంచి సాక్షి ఎవరు? సాక్ష్యం చెబితే కొలువూ గదీ ఉంటాయి, చెప్పకపోతే రెండూ పోతాయి. ఈ మాట సేటు నోటితో అనలేదు. గుమాస్తా అన్నాడు, నవ్వుకుంటూ.

“గట్టయ్య మామను జైలుల ఏస్తరా నాయినా?” అని అడిగానొకసారి.

“లే బిడ్డ, ఉత్త జుర్మానానే అంట,” అని నాయిన లేచిపోయి గేటు గొళ్లెం వేసి ఉందో లేదో చూసొచ్చాడు. అది వేసే ఉంది.

మా అమ్మ పూలమ్మ పొయ్యి దగ్గర నుంచే అరిచేది. “ఊకె ఏం ఆలోచిస్తవయ్యా? నాలుగు మాటలు చెప్తె నోరు అరుగుతదా? చెప్పకుంటె నెత్తి మీది రేకు పోతది. ఈ పోరిని పట్టుకొని ఏ చెట్టు కిందికి పోదాం?” అమ్మ చెడ్డది కాదు. వానాకాలం ముందు ఇల్లు పోతుందని భయపడే ప్రతి ఆడదీ అరిచినట్టే అరిచేది.

నా మటుకు నాకు అదంతా క్రిస్మస్ నాటకం లాంటిదే. ప్రతి ఏడూ నాటకంలో నాయిన రాజు వేషం కట్టి, మా పాస్టరు అయ్యగారు రాసిచ్చిన మాటలు కంఠతా పెట్టి, చర్చి అదిరిపోయేట్టు అరిచేవాడు. ఇదీ అలాంటి పాత్రే అనుకున్నాను. పెద్దవాళ్లకు కోర్టులో కూడా నాటకాలుంటాయి కాబోలు అనుకున్నాను.

అది స్కైలాబు అనే అంతరిక్ష నౌక నెత్తి మీద పడబోతోందని ఊరంతా గడగడలాడిన ఏడు. కొందరైతే ఎలాగూ చస్తామని కోళ్లన్నీ కోసుకు తిన్నారు. మా చర్చిలో మాత్రం ఎప్పటిలాగే సెలవుల బడి పెట్టారు. పొద్దున్నే పిల్లలందరం పోయి కొత్తవాడలో నేసిన జంపఖానాల మీద వరసగా కూర్చునేవాళ్లం. పాటలు, బొమ్మలు అతికించి చెప్పే కథలు, వాక్యాలు, చివర్లో మొగిలవ్వ ఉడకబెట్టి తెచ్చిన శనగ గుడాలు. నిజం చెప్పాలంటే గుడాల కోసం వచ్చిన పిల్లలు సగం మంది. ఆ సంగతి మొగిలవ్వకు తెలుసు, తెలిసే ఇంకో గిన్నె ఎక్కువ వండుకొచ్చేది.

మొగిలవ్వకు చదువు రాదు. ఆమె పని గుడాలు పెట్టడం, ప్రార్థన చేయడం. పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పి దేవుణ్ని అడిగేది. “తండ్రీ, గీ సుగుణను సూడు. గిది మస్తు తెలివిగల్లది గని జర పొగరు. గా పొగరు గూడ నువ్వే సూస్కో.” పక్కన పిల్లలు కిసుక్కున నవ్వితే నాకు రోషం వచ్చేది. అయినా నా పేరు దేవుడి దగ్గర రోజూ వినబడుతోందంటే లోపల ఏదో ధైర్యం కూడా వచ్చేది. నాకు భక్తి అంటూ ఏదైనా అబ్బిందంటే ఆ బరువైన చేతి కింద అబ్బిందే.

బడి నడిపేది శకుంతల టీచర్. సర్కారు బడిలో పంతులమ్మ. సెలవుల్లో అందరు టీచర్లూ పుట్టింటికి పోతే ఈమె మా దగ్గరికొచ్చేది. గంజి పెట్టిన చీర, పెద్ద బ్యాగు, బ్యాగు నిండా పిప్పరమెంట్లు. పెదవి బిగిస్తే భయం, నవ్విందంటే పండుగ.

ఆ ఏడు ఆమె మాకు సాక్ష్యం చెప్పడం నేర్పింది. మా చర్చిలో ఆదివారం ఆరాధన నడుమ పెద్దవాళ్లు లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పి కూర్చుంటారు, దాన్ని సాక్ష్యం అంటారు. ముగింపు రోజు పిల్లలు కూడా చెప్పాలన్నది టీచర్ పట్టుదల. మొదట సుందరం లేచాడు.

“నాకు జరమొచ్చింది. దేవుడు తెల్లబట్టలేసుకొని వచ్చి నా మంచం కాడ కూసున్నడు. చాయ తాగి పోయిండు.”

“చాయ తాగిండా?” అంది టీచర్.

“ఆఁ, తాగిండు.”

“ఎవలు పోసిన్రు?”

“మా అమ్మ.”

“మీ అమ్మను పిలిచి అడుగుదమా?”

సుందరం కాసేపు బొటనవేలితో జంపఖానా గీకాడు. “జరమైతె నిజమే టీచర్.”

“మరి గదే చెప్పు. జరమొచ్చింది, తగ్గింది. దేవునికి మసాలా అక్కర్లేదు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్తె సాలు, ఆయన గొప్పోడే.”

తర్వాత ఇంకో పిల్ల లేచి, వాళ్లన్న నేర్పించిన పెద్ద పెద్ద మాటలతో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి నడుమ మరిచిపోయి ఏడుపు మొదలుపెట్టింది. టీచర్ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని పిప్పరమెంటు నోట్లో పెట్టింది. “వాక్యం కంఠతా పెట్టాలె. సాక్ష్యం కంఠతా పెట్టద్దు. నీకు జరిగిందైతె నీకే యాదుంటది, ఎవలు నేర్పాల్సిన పని లేదు. అందరికి అర్థమైందా?”

నేను చెయ్యెత్తాను. “మరి మా నాయిన కంఠతా పెడ్తాండు టీచర్.”

“ఏం పెడ్తాండు?”

“సాక్ష్యం.”

ఆమె ముఖం వెలిగిపోయింది. మా నాయిన ఏనాడూ చర్చిలో సాక్ష్యానికి లేచిన మనిషి కాదు. “యాకయ్య సాక్ష్యం చెప్తడా? ఆదివారమా?”

“కాదు టీచర్, కోర్టుల. నాకంత వచ్చు. నేనే తప్పులు వడ్తాన. చెప్పాల్నా?” అని నేను చేతులు కట్టుకొని గొంతు సవరించుకున్నాను.

ఒళ్లో పిల్లను దింపి ఆమె గబగబా నా దగ్గరికొచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసింది. “వద్దు బిడ్డా. అది మీ నాయినది. ఆయన చెప్పేదాంక మనం చెప్పద్దు. నువ్వు నీది చెప్పు. ఈ ఏడు నీకు జరిగింది ఒక్కటి ఎతుక్కో.”

నాకు చిన్నబోయినట్టయింది. అంత చక్కగా వచ్చిన పాఠాన్ని ఎవరూ వినకపోతే మరి బాధే కదా! ఆవేళ ఆమె నా నోటి నుంచి అదంతా రాబట్టుకోవచ్చు. కేసు సంగతి ఊళ్లో తెలియనిదెవరికి? కానీ బిడ్డ నోటితో తండ్రిని పట్టించే మనిషి కాదామె. అందుకే నేను ఇవ్వాళ్టికీ ఆమెకు దండం పెట్టుకుంటాను.

ఆ మధ్యాహ్నం ఎండలో నా చెయ్యి పట్టుకొని మిల్లు దాకా వచ్చింది. నాయిన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఏం అడుగుతుందోనని ఆయన, ఏం చెబుతాడోనని అమ్మ, ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. టీచర్ అడిగింది మంచినీళ్లు. తాగి, చెంబు ఇచ్చేస్తూ, “ముగింపు రోజు ఇద్దరు రావాలె యాకయ్యా. మీ బిడ్డ సాక్ష్యం చెప్తది,” అని కొంగు నెత్తి మీద వేసుకొని వెళ్లిపోయింది.

ఇక నేను ఎతుక్కోవడం మొదలుపెట్టాను. నాకు జరమూ రాలేదు, పరీక్షలో ఫెయిలూ కాలేదు. దేవుడు నాకంటూ పనిగట్టుకొని చేసిందేమిటో ఎంతకీ తట్టలేదు. బోరింగు దగ్గర బిందె నిండేదాకా నిలబడి ఆలోచిస్తుంటే ఉన్నట్టుండి తట్టింది. అబ్బ, ఎంత పెద్ద సాక్ష్యం! ఇన్నాళ్లూ నా కాళ్ల కిందే పెట్టుకొని తిరిగాను. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

ముగింపు రోజు చర్చి నిండిపోయింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, ముందు మేము. నాయిన ఉతికిన అంగీ వేసుకొని గోడవారన కూర్చున్నాడు. సుందరం జరం వచ్చింది, తగ్గింది అని రెండు ముక్కల్లో చెప్పి, టీచర్ వైపు బింకంగా చూసి కూర్చున్నాడు. తర్వాత నేను.

“ప్రభువు నామమున అందరికి వందనాలు. పత్తి సీజన్ల బడికాడ ఆడుకుంటాంటె నా కాలుల తుమ్మముల్లు ఇరిగింది. మస్తు ఏడ్సిన. సారు మా నాయినకు కబురు వంపిండు. మా నాయిన గేటిడిసిపెట్టి, సైకిలు కిరాయికి తీస్కొని ఉరికొచ్చిండు. పిన్నీసుతోని ముల్లు తీసిండు. నన్ను సైకిలు మీద కూసోవెట్టుకొని ఇంటికి తెస్తాంటె పొగ కనవడ్డది. మా గోదాం కాలుతాంది. నా కాలుల ముల్లు ఇరగకపోతె మా నాయిన గేటు కాడనే ఉండేటోడు. అందరికన్న ముందుగాల మంటలకు ఉరికేటోడు. దేవుడే మా నాయినను నా కాడికి వంపిచ్చిండు. అందుకు ఆయనకు స్తోత్రం.”

చప్పట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. ఆడవాళ్ల వైపు అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయిన వైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు తట్టింది నాకు. నేను రోజూ తప్పులు పట్టే ఆ పాఠంలో, “ఆ దినము నేను గేటు వద్ద కాపలా ఉన్నాను” అనే మొదటి ముక్కే తప్పు. ముల్లు నాది, పాఠం పెద్దవాళ్లది అని వేరువేరుగా దాచుకున్న నా బుర్రకు అవి రెండూ ఒక్క రోజు సంగతేనని అంతమంది ముందు నిలబడ్డాక తెలిసింది. ఎక్కడికి పోయి కూర్చోవాలో కూడా తోచలేదు.

అయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. మనిషి భారీ, మోకాళ్ల నొప్పి. అయినా నా ముందు మోకాళ్ల మీద కూర్చొని నా మొహంలోకి చూశారు.

“ముల్లు మొత్తం వచ్చిందా బిడ్డా?”

“మొత్తం వచ్చింది అయ్యగారూ.”

“ఇప్పుడు నడుస్తె నొయ్యదు గద?”

“నొయ్యదు.”

“స్తోత్రం!” అని వెనక నుంచి మొగిలవ్వ గట్టిగా అంది. అప్పుడు అందరూ అన్నారు. అయ్యగారు నా తల నిమిరి, తర్వాతి పిల్లను పిలిచారు. ఇంకేమీ ఎత్తలేదు. నేను చెప్పింది తప్పు కాదని నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇంటికి పోయాక అమ్మ నా మీద చెయ్యెత్తింది. “నీ నోరు పాడుగాను! నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి గదనే!” నాయిన ఆ చెయ్యి పట్టుకున్నాడు. “దాన్నేమనకు పూలమ్మా. అది అబద్ధం చెప్పిందా?” అమ్మ చెయ్యి విడిపించుకొని పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది. నేను మంచం కింద దూరాను.

గుమాస్తా మళ్లీ వచ్చాడు. చర్చిలో జరిగింది ఆయన చెవిన కూడా పడింది. “పిల్లల మాట కోర్టుల చెల్లదు లే యాకయ్యా. ఏం ఫికర్ పెట్టుకోకు. ఏదీ, అప్పజెప్పు,” అన్నాడు. నాయిన మొదలుపెట్టాడు. ఈసారి వారించినాను దాకా కూడా పోలేదు. గేటు వద్ద అన్న చోటే ఆగిపోయాడు. మళ్లీ చెప్పమంటే మళ్లీ అక్కడే ఆగాడు. గుమాస్తా పాన్ ఉమ్మి, “బడికి పోనోనికి పాఠం చెప్పుడు నా తోని కాదు,” అని నన్ను పిలిచాడు. “నీకొస్తది గద పిల్లా, మీ నాయినకు నేర్పు.” నాకు రాదన్నాను. పుట్టి బుద్ధెరిగాక వచ్చిన పాఠం రాదనడం అదే మొదలు.

వాయిదా దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నాయిన నన్ను వెంటబెట్టుకొని అయ్యగారింటికి పోయాడు. అయ్యగారు అరుగు మీద సైకిలు బాగుచేసుకుంటున్నారు. నాయిన పక్కన కూర్చొని చైను పట్టి అందిస్తూ నోరు తెరిచాడు.

“నేను చెప్పకుంటె ఇంకోన్ని తెస్తరు అయ్యగారూ. గట్టయ్య ఎట్లన్న ఇరుక్కుంటడు. మేమే బజార్ల పడుతం.”

“కావచ్చు యాకయ్యా.”

“మీరేమంటరు మరి?”

“నేనేమంట? నిన్ను అడిగేది నేను కాదు. కోర్టుల అడుగుతరు, నువ్వు చెప్పుకో.” అయ్యగారు చేతి జిడ్డు గుడ్డకు తుడుచుకున్నారు. “ఒక్కటి మాత్రం చెప్త. చర్చి ఎనుక పిల్లల బడి గది ఉన్నది. వాన కురుస్తె ఒక మూల కారుతది. మిగతాదంత మంచిగనే ఉన్నది. దానికి తాళం లేదు.”

తిరిగొచ్చే దారిలో నాయిన బజార్లో నాకు ఐస్ కొనిపెట్టాడు, తాను తిననన్నాడు.

వాయిదా రోజు అమ్మ ఆయన అంగీకి బొత్తాం కుట్టిచ్చింది. “సక్కగ చెప్పు. తడవడకు,” అని మాత్రం అంది. నన్నూ రమ్మన్నాడు నాయిన. పాఠం అందించడానికనుకొని అమ్మ తల దువ్వి పంపించింది. ఎందుకు రమ్మన్నాడో నాకూ తెలియదు. హనుమకొండ బస్సులో నా చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. కోర్టు ముందర చెట్టు కింద అయ్యగారు, శకుంతల టీచర్, మొగిలవ్వ నిలబడి ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. మొగిలవ్వ అయితే గుడాల డబ్బా కూడా తెచ్చింది, కోర్టులో ఎంతసేపవుతుందోనని.

గట్టయ్య మామ అంతకుముందే లోపల బోనులో ఉన్నాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. నన్ను చూసి అలవాటుగా నవ్వబోయి నాయిన వైపు చూసి ఆపుకున్నాడు.

జవాను నాయిన పేరు మూడుసార్లు పిలిచాడు. నాయిన ఎదుటి బోనులోకి ఎక్కి, ప్రమాణం చేసి, చేతులు కట్టుకున్నాడు. సర్కారు వకీలు కాగితాలు తిప్పుతూ అడిగాడు. “ఆ రోజు నువ్వు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నావు. ఏం చూశావో కోర్టు వారికి చెప్పు.”

నాయిన నోరు తెరిచాడు. గుమాస్తా కింద నుంచి పెదవులు కదిపి అందిస్తున్నాడు. నేను టీచర్ చెయ్యి గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకున్నాను. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ మరిచిపోయి, మొగిలవ్వలాగా, తండ్రీ గీ యాకయ్యను సూడు, గీ యాకయ్యను సూడు అనుకున్నాను.

“నేనేం సూడలేదు సార్,” అంది నాయిన గొంతు. “నేను గేటు కాడ లేను. డ్యూటీ ఇడిసిపెట్టి నా బిడ్డ బడికాడికి పోయిన. అది తప్పే, ఒప్పుకుంటాన. గట్టయ్య బీడీ తాగంగ నేను సూడలే. తాగని దినం కూడ సూడలే. నేను లేనే లేను.”

ఇంకా ఏవేవో అడిగారు. అన్నిటికీ ఆ ఒక్కటే చెప్పాడు. మెజిస్ట్రేటు రాసుకున్నాడు. గుమాస్తా మా ముందు నుంచి పోతూ మా వైపు చూడలేదు. బయటికొచ్చాక నాయిన చెట్టు మొదట్లో కూలబడిపోయాడు. మొగిలవ్వ డబ్బా మూత తీసి గుడాలు ఆయన దోసిట్లో పోసింది. చిన్నపిల్లవాడిలాగా అన్నీ తిన్నాడు.

గట్టయ్య మామ మీద కేసు నిలవలేదు. కానీ అది తర్వాత తెలిసిన సంగతి. ఆ సాయంత్రం మేము మిల్లు చేరేసరికి మా సామానంతా గేటు బయట ఉంది. మంచం, పెట్టె, గిన్నెలు, నా పలక. పెట్టె మీద అమ్మ కూర్చొని ఉంది. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది. నాయిన ఎదురుగా నిలబడి, “పూలమ్మా,” అన్నాడు. ఆమె పలకలేదు. ఎక్కడి నుంచో తెలుసుకొని గట్టయ్య మామ తోపుడు బండి తెచ్చాడు. సామాను ఎక్కించాడు. నన్ను కూడా ఎత్తి మంచం మీద కూర్చోబెట్టబోతే, నేను నడుస్తానన్నాను.

పిల్లల బడి గదిలో గోడల నిండా మేము వేసిన రంగుల బొమ్మలే. పిలవకుండానే ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చర్చి ఆడవాళ్లు పూట పూటా దేవుడి పేర తీసి ఉంచే పిడికెడు బియ్యం కుండను మొగిలవ్వ దింపి పోయింది. శకుంతల టీచర్ కారే మూల కింద బకెట్టు పెట్టింది. అయ్యగారు నాయినకు పని చూడ్డానికి సైకిలెక్కి తిరిగారు. అమ్మ వండింది, ఊడ్చింది, అందరికీ మంచినీళ్లిచ్చింది. మాట మాత్రం లేదు. నాకు అదే పెద్ద భయం. నా ఒక్క ముల్లు మాట వల్ల అమ్మ ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని రోజూ అడిగాను దేవుణ్ని.

ఆదివారం వచ్చింది. ఈలోపు స్కైలాబు ఎక్కడో సముద్రం అవతల పడిపోయిందని అయ్యగారు చెబితే అందరూ నవ్వారు. తర్వాత సాక్ష్యాల సమయమన్నారు. అందరి కళ్లూ నాయిన మీదికే పోయాయి. ఆయన తల వంచుకొని కూర్చున్నాడు, లేవలేదు. నా వెనక ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో లేచిన చప్పుడైంది. తిరిగి చూస్తే అమ్మ.

“ప్రభువు నామమున అందరికి వందనాలు.” అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది, ఇన్ని రోజులుగా వాడలేదు కదా. “నాకు సాక్ష్యం చెప్పుడు రాదు. మాకు కొలువు పోయింది. ఇల్లు పోయింది. నాకింక కోపమున్నది. ఈ పోరి మీదున్నది, మా ఇంటాయిన మీదున్నది, మీ మీద గూడ ఉన్నది అయ్యగారూ.”

అయ్యగారు తలూపారు.

“గని ఒక్కటి చెప్త. గా గుమాస్తా వచ్చి నేర్పిచ్చినన్ని దినాలు, మా ఇంటాయినకు బువ్వ వెట్టిన గని మొకం సూడలే. సూడబుద్ధి కాలే. చెప్పు చెప్పుమన్నది నేనే, సూడలేకపోయింది నేనే.” మగవాళ్ల వైపు తిరిగింది. “ఇప్పుడు సూస్తాన. గంతే.”

అని కూర్చుంది. మగవాళ్ల వైపు నాయిన తువ్వాల ముఖం మీద కప్పుకొని ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. అమ్మ కొంగు సర్దుకొని, అందరి ముందూ, సిగ్గు లేకుండా ఆయన వైపే చూస్తూ కూర్చుంది.